నాలుగు మెట్ల సర్కారు – మన పట్టణపు మెట్టు
(సంక్షేమ సంఘం వార్షిక సభలో సంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠము)



ఈ ఏడు మేము ఎన్నుకున్న విషయం "ప్రభుత్వాల మధ్య సహకారం". పేరు వినగానే కొందరు యువకులు "ఇది ఢిల్లీలో చెప్పుకునే ముచ్చట, మందమర్రిలో మనకెందుకు?" అని అనుకోవచ్చు. మనకే కావాలె. ఎందుకనగా మన సంఘానికి వచ్చే పనులన్నీ కాగితం చుట్టూ తిరిగేవే. పిల్లవాని స్కాలర్‌షిప్, వితంతువు పింఛను, హజ్ దరఖాస్తు, ఖబ్రస్తాన్ గోడ, బస్తీలో మోరీ – ఏదైనా సరే, ఆ కాగితం ఒక్క ఆఫీసులో పుట్టి అదే ఆఫీసులో ముగియదు. అది మెట్లు ఎక్కుతుంది, మెట్లు దిగుతుంది. ఏ మెట్టు మీద ఆగిందో మనకు తెలియకపోతే, ఎవరిని అడగవలెనో కూడా తెలియదు. అడగవలసిన వారిని వదిలిపెట్టి, అడగకూడని వారి మీద కోపగించుకుంటాము. అందుచేత ఈ మెట్లను గురించి నాలుగు మాటలు మనవి చేస్తాము.

మొదట మన ఊరి బొగ్గునే తీసుకుందాం. 1871లో భూగర్భ సర్వే శాఖకు చెందిన డాక్టర్ విలియం కింగ్ ఇల్లెందు దగ్గర బొగ్గును కనుగొన్నాడు. 1886లో ఇంగ్లండులో నమోదైన హైదరాబాద్ డెక్కన్ కంపెనీ ఆ గనుల హక్కు తీసుకున్నది. 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీ అనే పేరు వచ్చింది. 1945లో నిజాం సర్కారు ఎక్కువ వాటాలు కొన్నది. 1956లో రాష్ట్రాల పునర్విభజనతో ఆ వాటా ఆంధ్రప్రదేశ్ సర్కారుకు వచ్చింది. 1960 నుంచి కేంద్ర ప్రభుత్వం కూడా వాటాదారుగా చేరింది. 2014లో రాష్ట్రం వేరుపడ్డాక ఆ వాటా తెలంగాణకు వచ్చింది. నేడు కంపెనీలో రాష్ట్రానికి 51 శాతం, కేంద్రానికి 49 శాతం. అంటే మన ఇంటి పొయ్యి వెలిగించే జీతమే రెండు సర్కారుల పొత్తు మీద నడుస్తున్నది.

పొత్తు అంతటితో ఆగదు. రాజ్యాంగం ఏడవ షెడ్యూలులో మూడు జాబితాలున్నవి. గనుల నియంత్రణ రాష్ట్ర జాబితాలో 23వ అంశం. కాని పార్లమెంటు ప్రజాహితం కోసం చట్టం చేసినంత మేరకు అది కేంద్ర జాబితాలోని 54వ అంశానికి లోబడి ఉంటుంది. గనిలో కార్మికుల రక్షణ కేంద్ర జాబితాలో 55వ అంశం. అందుకే బాయిలో పైకప్పు కూలితే విచారణకు వచ్చే గనుల భద్రతా డైరెక్టరేటు కేంద్రానిది. బొగ్గు మీద రాయల్టీ రేటు నిర్ణయించేది కేంద్రం, వసూలైన రాయల్టీ చేరేది రాష్ట్ర ఖజానాకు. 2015లో గనుల చట్టాన్ని సవరించి జిల్లా ఖనిజ ఫౌండేషన్ అనే ట్రస్టును పెట్టినారు. 2015 జనవరి 12కు ముందు ఇచ్చిన లీజులైతే రాయల్టీలో 30 శాతానికి సమానమైన సొమ్ము, ఆ తర్వాత వేలంలో ఇచ్చినవైతే 10 శాతం, అదనంగా ఆ ట్రస్టుకు కట్టవలెను. ఆ సొమ్ము గని ప్రభావం పడిన ఊళ్ళ కోసమే. తాగునీరు, ఆరోగ్యం, చదువు, పారిశుద్ధ్యం వంటి వాటికి కనీసం 60 శాతం ఖర్చు చేయవలెనని 2015లో కేంద్రం చెప్పింది. చూడండి, ఒక్క బొగ్గు పెళ్ళకు ఎంతమంది లెక్కదారులో! రేటు ఢిల్లీలో, ఖజానా హైదరాబాదులో, ట్రస్టు జిల్లాలో, దుమ్ము మాత్రం మన బస్తీలో.

ఈ మెట్లకు పైన దేశాలన్నీ కలిసిన మెట్టు ఒకటున్నది. అదీ మన బాయి దాకా వచ్చింది. 1935లో జెనీవాలోని అంతర్జాతీయ కార్మిక సంస్థ, స్త్రీలను భూగర్భ గనుల్లో పనికి పెట్టరాదని 45వ ఒడంబడిక చేసింది. మన దేశం దానిని 1938లో ఆమోదించింది. స్వాతంత్ర్యం వచ్చాక 1952 గనుల చట్టంలోనూ ఆ నిషేధం నిలిచింది. ఆనాడు అది స్త్రీల రక్షణ కోసమే పెట్టిన నిబంధన. కాలక్రమేణా యంత్రాలు వచ్చినవి, ఆడపిల్లలు మైనింగ్ ఇంజనీరింగ్ చదివినారు, నిబంధన వారికి అడ్డమైంది. 2019లో కేంద్ర కార్మిక శాఖ మినహాయింపు ఇచ్చింది. స్త్రీ రాతపూర్వకంగా సమ్మతిస్తే, పగటి వేళ, సాంకేతిక, పర్యవేక్షణ, నిర్వహణ పనుల్లో భూగర్భంలోకి దిగవచ్చునని ఆనాడు చెప్పింది. జెనీవాలో రాసిన మాట ఢిల్లీలో చట్టమై, కంపెనీలో మస్టరై, చివరకు మన బస్తీ ఆడపిల్ల భవిష్యత్తు అయింది. పై మెట్టు మనకు దూరమని ఎవరంటారు?

సహకారం చక్కగా సాగిన ఉదాహరణ ఒకటి మనందరికీ తెలిసిందే. అది హజ్ యాత్ర. 1988లో అమ్మాన్ నగరంలో జరిగిన ఇస్లామిక్ దేశాల విదేశాంగ మంత్రుల సమావేశం, ప్రతి పది లక్షల ముస్లిం జనాభాకు వెయ్యిమంది హాజీలు అనే సూత్రం పెట్టింది. ఆ సూత్రం నేపథ్యంగా భారత ప్రభుత్వం ప్రతి ఏడూ సౌదీ అరేబియాతో ఒప్పందం చేసుకుంటుంది. 2024లోనూ 2025లోనూ మన దేశానికి వచ్చిన సంఖ్య 1,75,025. ముంబయిలోని హజ్ కమిటీ ఆఫ్ ఇండియా 2002 చట్టం క్రింద తన వాటాను రాష్ట్రాలకు పంచుతుంది. 2016 వరకు ఈ వ్యవహారం విదేశాంగ శాఖ చూసేది, ఆ తర్వాత మైనారిటీ వ్యవహారాల శాఖకు మారింది. హైదరాబాదు నాంపల్లి హజ్ హౌస్‌లోని రాష్ట్ర కమిటీ దరఖాస్తుదారులకు సహాయం, శిక్షణ చూస్తుంది. ఫారం నింపే చోట, టీకా వేయించే చోట, ఇహ్రామ్ కట్టుకునే తీరు నేర్పే చోట మనలాంటి సంఘాలు నిలబడుతవి.

మక్కా నుంచి మందమర్రి వరకు ఇన్ని మెట్లున్నా, ముసలి తల్లి చెయ్యి ఎవరో ఒకరు పట్టుకొని దాటిస్తున్నారు. తప్పులు జరగవని మేము అనము. కాని పని నడుస్తున్నది. ఎందుకు నడుస్తున్నది? మేము గమనించిన కారణాలు మూడు. ఒకటి, ప్రతి మెట్టుకూ తన పని ఏమిటో తెలుసు. రెండు, ప్రతి పనికీ తారీఖు ఉన్నది. జిల్‌హిజ్జ నెల ఎవరి కోసమూ ఆగదు. మూడు, ప్రతి మెట్టు మీదా పేరు పెట్టి పిలవదగిన ఒక మనిషి ఉన్నాడు. ఈ మూడూ ఉన్నచోట సహకారం కుదురుతుంది. లేనిచోట ఉత్తరాలు మాత్రమే తిరుగుతవి.

కుదరని చోటు కూడా చెప్పుకోవలసియున్నది. 2021లో కేంద్రం సత్తుపల్లి-3, కోయగూడెం-3, శ్రావణపల్లి, కల్యాణిఖని-6 బొగ్గు బ్లాకులను వేలానికి పెట్టింది. కల్యాణిఖని అంటే మన కేకే గనులే. వాటిని సింగరేణికే ఇవ్వాలని కార్మిక సంఘాలు ఆ ఏడాది డిసెంబరు 9, 10, 11 తేదీల్లో మూడు రోజులు సమ్మె చేసినవి. వేలం మంచిదా, నేరుగా ఇచ్చుడు మంచిదా అనే వాదన ఈ సభలో తేల్చేది కాదు. మేము చూపదలచింది ఒక్కటే. ఒకే కంపెనీలో 51, 49 వాటాలున్న భాగస్వాములు ముందుగా ఒకచోట కూర్చొని మాట్లాడుకొనకపోతే, మూడు రోజుల జీతం పోయేది కార్మికునికే. అట్లా కూర్చొనేందుకు రాజ్యాంగం 263వ అధికరణంలో చోటు పెట్టింది. సర్కారియా కమిషన్ సిఫారసు మీద 1990లో అంతర్రాష్ట్ర మండలి ఏర్పడింది. మన దీన్‌లో మష్వరా అనే మాట ఉన్నది గదా. పెద్దలు కలిసి ఆలోచించకుండా ఇంటి పని కూడా చేయరాదని మనకు చిన్ననాటి నుంచి చెప్తారు. సర్కారులకూ అదే వర్తిస్తుంది.

ఇక అసలు విషయానికి వస్తాము. నిచ్చెనకు పైమెట్లు ఎంత గట్టివైనా, అడుగు మెట్టు లేకపోతే ఎక్కేదెట్లా? మన పట్టణంలో జరిగింది అదే.

1992లో పార్లమెంటు 73, 74 సవరణలు చేసింది. 1993లో అవి అమలుకు వచ్చినవి. గ్రామాలకు పంచాయతీలు, పట్టణాలకు మున్సిపాలిటీలు, అయిదేళ్ళకొకసారి ఎన్నికలు రాజ్యాంగపు హక్కులైనవి. అయితే షెడ్యూల్డ్ ప్రాంతాలకు ఇవి నేరుగా వర్తించవని కూడా రాసినారు. అందులో న్యాయం ఉన్నది. 1940లో జోడేఘాట్‌లో కొమరం భీం ప్రాణం ఇచ్చింది జల్, జంగల్, జమీన్ కోసమే. ఆదివాసీల భూమి ఇతరుల చేతికి పోకుండా 1959 నిబంధన, దానిని గట్టిచేసిన 1970 నాటి నిబంధన – మనం 1/70 అని పిలిచేది – వచ్చినవి. ఆ రక్షణను కదిలించమని మేము ఏనాడూ అడగము. పొరుగువాని హక్కు తీసి మన హక్కు కట్టుకొనుట మనకు నేర్పిన ధర్మం కాదు.

కాని పట్టణం సంగతి అక్కడే చిక్కుకున్నది. గ్రామాల కోసం 1996లో పార్లమెంటు పెసా చట్టం చేసి, షెడ్యూల్డ్ ప్రాంతపు గ్రామసభలకు అధికారం ఇచ్చింది. పట్టణాల కోసం కూడా అటువంటి చట్టం చేయవచ్చునని 243-జెడ్‌సి అధికరణం చెప్తున్నది. 2001లో రాజ్యసభలో బిల్లు కూడా పెట్టినారు. అది స్థాయీ సంఘానికి పోయింది, చట్టం మాత్రం కాలేదు. ఫలితం ఏమైంది? మందమర్రి గ్రామ పంచాయతీ నుంచి మున్సిపాలిటీ అయింది గాని, కౌన్సిలర్లను ఎన్నుకునే ఎన్నిక జరగకుండానే రెండు దశాబ్దాలకు పైగా గడిచినవి. 2020 జనవరిలో మంచిర్యాల, బెల్లంపల్లి, చెన్నూరు, పక్కనే ఉన్న క్యాతన్‌పల్లి ఓట్లు వేసినప్పుడు మన పట్టణం ఆ జాబితాలో లేదు. పాల్వంచ, మణుగూరు కూడా మనవలెనే ఆగిపోయినవి.

దీని అర్థం ఏమిటో ఆలోచించండి. గని ప్రభావం పడిన షెడ్యూల్డ్ గ్రామంలో ఖనిజ నిధి పనులకు గ్రామసభ ఆమోదం ఉండవలెనని 2015 నాటి మార్గదర్శకాలు చెప్పినవి. మంచిదే. మరి పట్టణానికి? గ్రామసభ లేదు, ఎందుకంటే అది గ్రామం కాదు. వార్డు సభ్యుడు లేడు, ఎందుకంటే ఎన్నిక లేదు. 14వ ఆర్థిక సంఘం 2015 నుంచి 2020 వరకు స్థానిక సంస్థల గ్రాంట్లను రాజ్యాంగం 9, 9-ఎ భాగాల క్రింద ఏర్పడిన సంస్థలకే అని షరతు పెట్టింది. మన పట్టణం ఆ 9-ఎ భాగపు గడప అవతల నిలబడిన ఊరు. ఊరు పెద్దదైతే హక్కు పెరగాలె గాని, పంచాయతీ నాడు ఉన్న ఓటు కూడా పోవుడు ఏమి వింత?

అధికారులు పని చేయరని మేము అనుట లేదు. కమిషనర్లు వస్తారు, చేతనైనంత చేస్తారు, బదిలీ మీద వెళ్తారు. కాని బదిలీ కాని మనిషి ఒకడు కావాలె. మోరీ నిండినప్పుడు ఇంటి ముందుకొచ్చి నిలబడే మనిషి, జిల్లా సమావేశంలో కుర్చీ ఉన్న మనిషి, అయిదేళ్ళకొకసారి మన ముందు జవాబు చెప్పుకునే మనిషి. బాయిలో పనిచేసిన వారికి ఇది విప్పి చెప్పనక్కరలేదు. హాలేజ్ మీద టబ్బులను కప్లింగులతో కలిపి సెట్టు కడతారు. మధ్యలో ఒక్క కప్లింగు ఊడిందంటే పైవి తాడుతో పైకి పోతవి, క్రిందివి దిగుడుకు ఉరుకుతవి. ఇంజను మంచిదే, తాడు మంచిదే, పట్టాలూ మంచివే. ఊడింది చిన్న ఇనుప ముక్క. ప్రభుత్వాల మధ్య సహకారంలో ఎన్నికైన స్థానిక సంస్థ ఆ కప్లింగు వంటిది.

మన సమాజానికి ఈ లోటు మరీ తగులుతుంది. 2006లో సచార్ కమిటీ నివేదిక వచ్చింది. దాని వెంట 2008లో అల్పసంఖ్యాకులు ఎక్కువగా ఉన్న ప్రాంతాల అభివృద్ధికి పథకం మొదలైంది. 2018లో దానికి ప్రధానమంత్రి జన్ వికాస్ కార్యక్రమం అని పేరు మార్చినారు. బడి, హాస్టలు, ఆసుపత్రి గది వంటివి కట్టేందుకు సాధారణంగా కేంద్రం 60, రాష్ట్రం 40 వంతున భరిస్తవి. అయితే ప్రతిపాదన పుట్టవలసింది జిల్లా కమిటీలో. అక్కడి నుంచి రాష్ట్రానికి, రాష్ట్రం నుంచి ఢిల్లీకి పోవలెను. క్రింద ఎవరూ అడగనిది పైన ఎవరూ ఇవ్వరు. అట్లాగే 2022లో కేంద్రం ప్రీమెట్రిక్ స్కాలర్‌షిప్పును 9, 10 తరగతులకే పరిమితం చేసింది. ఒకటి నుంచి ఎనిమిది దాకా విద్యాహక్కు చట్టం ఉన్నది గనుక అవసరం లేదని కారణం చెప్పింది. ఢిల్లీలో తీసుకున్న నిర్ణయం మన గల్లీకి చేరేసరికి తల్లులు బడి పంతులును అనుమానించిన సంగతి మాకు తెలుసు. పంతులు చేసిన పాపం ఏమీ లేదు. మెట్టు తెలియక పోట్లాట వచ్చింది.

కాబట్టి సోదరులారా, సోదరీమణులారా, సంఘం తరఫున మూడు పనులు మీ ముందు పెడుతున్నాము.

మొదటిది, తలుపుల పట్టిక. ఏ పని ఏ మెట్టుది, దరఖాస్తు ఎక్కడ ఇవ్వాలె, ఎన్ని రోజులకు అడగాలె, జవాబు రాకపోతే పై తలుపు ఏది – ఇవన్నీ తెలుగులో, ఉర్దూలో రాసి సంఘం ఆఫీసు గోడకు, మస్జిదుల నోటీసు బోర్డులకు అంటించాలె. సమాచార హక్కు చట్టం 2005లోనే వచ్చింది. ముప్ఫయి రోజుల్లో జవాబు ఇవ్వవలెనని అందులో ఉన్నది. దాన్ని వాడే అలవాటు మనకు తక్కువ. కాలేజీ చదివే పిల్లలు ఈ పనికి ముందుకు రావాలె.

రెండవది, కాగితం జాడ. ఇచ్చిన ప్రతి దరఖాస్తుకు రసీదు, నకలు, తారీఖు ఒక రిజిస్టరులో రాయాలె. రసీదు లేని దరఖాస్తు నీళ్ళ మీద రాత. బాయిలో మస్టరు పడకపోతే ఆ నాగా మనదే గదా. ఆఫీసులోనూ అంతే.

మూడవది అన్నిటికన్నా పెద్దది. పట్టణానికి ఎన్నికైన పాలకవర్గం కావాలని అడిగే పని. దీనిని ముస్లిం సంఘంగా మనం ఒక్కరం అడిగితే చాలదు, అడగరాదు కూడా. మొదట ఆదివాసీ సంఘాల పెద్దల దగ్గరకు పోవాలె. "మీ భూమి హక్కుకు, మీ రిజర్వేషనుకు ఏ లోటూ రాకుండా మన ఊరికి ఓటు ఎట్లా తెచ్చుకుందాం?" అని వారినే అడగాలె. వారి మాట ముందుండాలె. తరువాత కార్మిక సంఘాలు, వర్తక సంఘం, మహిళా సంఘాలు కలవాలె. అప్పుడు అందరి సంతకాలతో ఒక విజ్ఞప్తి తయారు చేసి, ఏ మాట ఏ మెట్టుకు చెప్పవలెనో ఆ మెట్టుకే చెప్పాలె. చట్టం చేయవలసింది పార్లమెంటు గనుక పార్లమెంటు సభ్యునికి. ఆ చట్టం కోసం కేంద్రాన్ని అడగవలసింది రాష్ట్రం గనుక శాసనసభ్యునికి, రాష్ట్ర సర్కారుకు. అయిదవ షెడ్యూలు క్రింద బాధ్యత గలవారు గనుక గవర్నరు గారికి, గిరిజన సలహా మండలికి. అంతవరకు వార్డుల వారీగా పౌరుల మాట వినే ఏర్పాటు కావాలని కలెక్టరు గారికి.

ఇది ఒక ఏడులో తెమిలే పని కాదని మాకు తెలుసు. కొందరు "మా నాయన కాలం నుంచీ వింటున్నాం" అంటారు. వినుడు వేరు, అడుగుడు వేరు. ఇన్నేండ్లలో ఎన్నిసార్లు అందరం కలిసి, రాసి, సరైన తలుపు దగ్గర, రసీదు తీసుకొని అడిగినాం? ఆ లెక్క తేలితే నిరాశ దానంతట అదే తగ్గుతుంది.

ఈ ఊరికి కరీంనగర్ నుంచి, వరంగల్ నుంచి, మహారాష్ట్ర నుంచి, ఉత్తర భారతం నుంచి కూలికి వచ్చి, చీకటిలో దిగి వెలుతురు తవ్విన వారి బిడ్డలం మనం. మన తాతల ఖబరులు ఈ మట్టిలోనే ఉన్నవి. ఈ మట్టి బొగ్గు దేశానికి కరెంటు ఇచ్చింది. ఆ దేశం నుంచి మనం కోరేది దానం కాదు. మన వీధి దీపం గురించి, మన నల్లా గురించి, మన మోరీ గురించి మాట్లాడేందుకు మన ఓటుతో పోయే ఒక మనిషి. ఆ మెట్టు కట్టుకుంటే పై మెట్లన్నీ మనవే అవుతవి.

 పని మొదలు పెట్టుట మన చేతిలో ఉన్నది, పూర్తి చేయించుట అల్లాహ్ చేతిలో ఉన్నది. ఇన్షా అల్లాహ్, రాబోయే వార్షిక సభలో ఈ మూడు పనుల లెక్క మీ ముందు పెడతామని మనవి చేస్తూ సెలవు తీసుకుంటున్నాము.

ఖుదా హాఫిజ్. జై హింద్.